రెండో చప్పుడు

చనిపోయిన మనిషి గొంతు మధ్యాహ్నం ఒంటిగంటా పదహారు నిమిషాలకు జల్లెడ చెవుల్లో పలికింది.

"మాస్టర్ మాట్లాడుతున్నా. గాలి సెకనుకి పది మీటర్లు. మంట వెలిగిస్తున్నాం. ఎవరూ దగ్గకండి."

చివరి మాటలో చిన్న నవ్వు. ఆ తర్వాత గాలి హోరు. ఆ హోరులోంచి, మూసిన తలుపు మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు 'దబ్' మని ఒక చప్పుడు. దాని వెనకాలే, రెప్ప వేసేంతలో, 'ఊఁ' అని ఒక మూలుగు. సెకను గడిచాక మళ్ళీ దబ్. మళ్ళీ ఊఁ.

జల్లెడ హెడ్‌ఫోన్లు తీయలేదు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మొదటి చప్పుడుకి కాదు, రెండోదానికి. మొదటిది యంత్రం చేసిన చప్పుడులాగే ఉంది. రెండోది మాత్రం ఎవరో పక్క గదిలో నొప్పి ఓర్చుకుంటున్నట్టు ఉంది.

ఆమె పోలీసు శాఖలో ఇరవై మూడేళ్ళు పనిచేసింది. ప్రతి మాటనీ పట్టి పట్టి వడపోస్తుందని అక్కడివాళ్ళు వెనకాల 'జల్లెడ' అనుకునేవారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. వెనకాల అనేవాళ్ళకి శ్రమ తగ్గుతుందని.

విమానం ఇంజన్‌లో మంట ఎందుకు చప్పుడు చేస్తుందో, ఎక్కడ చేస్తుందో కనిపెట్టే పరీక్షా కేంద్రం ఆమె ఇప్పుడు వచ్చిన చోటు. పోయినాయన అక్కడ ముప్పై ఏళ్ళుగా ఆ మంటనే విన్నాడు. అందరూ చెవుల మాస్టారనేవారు. మంగళవారం ఉదయం పదకొండు నలభైకి ఫిట్టరు బర్నర్ గది తలుపు తీసేసరికి, మాస్టారు స్టూలు మీద కూర్చుని, చెవి పైపుకి ఆనించి, వింటున్నట్టే ఉన్నారు. ఫిట్టరు రెండుసార్లు పిలిచాడు. వినేటప్పుడు కదిలిస్తే ఆయనకి కోపమని ఇంకో నిమిషం గుమ్మం దగ్గరే ఆగాడు. అప్పటికే ప్రాణం పోయింది.

పోలీసుల లెక్క తేలికగా తేలిపోయింది. పదిన్నర నుంచి పదకొండు దాకా పరీక్ష జరిగింది. రికార్డింగ్ ఉంది, అందులో మాస్టారి గొంతూ ఉంది. మంట ఆపాక పైపులో మిగిలిన ఇంధనం ఊడ్చేయడానికి నైట్రోజన్ వదులుతారు. అది చిమ్నీ గుండా బయటికి పోవాలి. చిమ్నీ మూత ఇరుక్కుపోయి, గదిలోనే నిండిపోయింది. మాస్టారు తొందరపడి లోపలికి వెళ్ళారు. నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. నాలుగు ఊపిర్లు తీసేసరికి మనిషి కూర్చున్నచోటే కూర్చుండిపోతాడు. ప్రమాదం. ఫైలు మూసేశారు.

మాస్టారి భార్య మాత్రం మూయలేకపోయింది. ఆయన పొయ్యి వెలిగించినా ముందు కిటికీ తీసే మనిషని, గాలి విషయంలో తొందరపడే రకం కాదని జల్లెడకి చెప్పుకుంది. తన అన్నయ్య దగ్గరుండి అంత్యక్రియలన్నీ జరిపించాడు కాబట్టి సరిపోయిందని కళ్ళు తుడుచుకుంది. ఆ అన్నయ్యే ఈ కేంద్రానికి చీఫ్ ఇంజనీరు. ఇక్కడ పరీక్షిస్తున్న కొత్త ఇంజన్‌కి బర్నర్ నమూనా గీసింది ఆయనే.

జల్లెడ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, ఎదురుగా ఉన్న కంట్రోల్ ఆపరేటర్‌ని చూసింది. ముప్పై దాటని మనిషి. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు ఎర్రబడ్డాయి. మంగళవారం పరీక్ష నడిపానని సంతకం పెట్టింది ఇతనే. బర్నర్ గదిలోకి చూసే కిటికీ అద్దం తప్ప గది గోడలన్నీ మెత్తని నురగ దిమ్మలతో కప్పి ఉన్నాయి. మాట నోట్లోంచి రాగానే గోడలు మింగేస్తున్నాయి. ఎవరూ మాట్లాడకపోతే తన రక్తం పారే చప్పుడు తనకే వినబడుతోంది.

రెండో చప్పుడు ఎవరిదని ఆమె అడిగింది.

అదీ మంటదేనని అతను చెప్పాడు. పని గురించి అడిగేసరికి గొంతులో వణుకు కాస్త తగ్గింది. పరీక్ష కోసం సెకనుకి ఒకసారి ఇంధనాన్ని కొంచెం ఎక్కువగా విదిలిస్తారు. మంట ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు గాలిని తోస్తుంది. అది మొదటి చప్పుడు, నేరుగా మంట నోట్లోంచి వచ్చేది.

"రెండోది మంట వదిలిన వేడి చేసే చప్పుడండి. బాగా వేడెక్కిన గాలి ముద్దొకటి పైపులో కొట్టుకుపోతూ ఉంటుంది. అప్పుడది నోరెత్తదు. చివర సన్నటి మూతిలోంచి దూరాల్సి వచ్చినప్పుడే అరుస్తుంది."

"రెండిటికీ మధ్య ఈ ఎడం ఎందుకు?"

"చప్పుడు పరిగెత్తుతుందండి. వేడి గాలితోపాటు నడుస్తుంది. ఎంత దూరం నడవాలో అంత ఆలస్యం." కంప్యూటర్ తెర మీద రెండు శిఖరాల మధ్య వేలితో కొలిచి చూపించాడు. "సెకనులో ఐదో వంతు. ఎప్పుడూ ఇంతే."

ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. అతను పెట్టాడు.

రికార్డింగ్ చివరి నిమిషం ఆమె ఇంకోసారి విన్నది. ఇంధనం ఆపేసిన చప్పుడు వినిపించింది. మంట ఆరింది. ఆ ఖాళీలో, ఇక ఏదీ మిగలని చోట, చీకట్లోంచి ఒక్క ఊఁ. ఆమె ఉలిక్కిపడింది. దారిలో ఉండిపోయిన వేడి అదని, మంట పోయినా అది నడుస్తూనే ఉంటుందని ఆపరేటర్ నెమ్మదిగా చెప్పాడు. మాస్టారికి ఆ చివరిది వినడమంటే ఇష్టమని కూడా చెప్పి, తల దించుకున్నాడు.

మంగళవారం ఎన్నింటికి వచ్చావని జల్లెడ అడిగింది. అతను గోడ గడియారం వంక చూసి, పది ఇరవైకన్నాడు. జరిగిపోయిన సమయం చెప్పడానికి గడియారం చూసే మనిషిని ఆమె చాలాసార్లే చూసింది. పొద్దున్న ఫిట్టరు ఒక మాట చెప్పాడు. పక్క వర్క్‌షాపులో అతని బల్ల ఉంది. బర్నర్ వెలిగినప్పుడల్లా గ్లాసులో టీ వలయాలు వలయాలుగా వణుకుతుంది. మంగళవారం పదిన్నరకి అతను అదే బల్ల దగ్గర కూర్చుని టీ తాగాడు. టీ కదల్లేదు.

ఒక ముసలి ఫిట్టరు టీ గ్లాసుకి కోర్టులో విలువెంత? అందుకే గది చూడాలి.

ఒంటిగంటా యాభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఏ కేసుకైనా వచ్చిన రోజే ముగింపు రాసేస్తాడని స్టేషన్‌లో 'శుభం కార్డు' అనే పేరు తెచ్చుకున్నాడు. మాస్టారి భార్య మేజిస్ట్రేట్‌ని అడిగి ఒక గంట తనిఖీకి అనుమతి తెచ్చుకోవడం, తన చేత్తో వేసిన సీలు తనే వచ్చి తీయాల్సి రావడం అతనికి ఒళ్ళు మండిస్తున్నాయి.

"బాగున్నారా మేడం? మూసిన ఫైలుకి దుమ్ము దులపడానికి వచ్చారన్నమాట."

"నువ్వు మూసిన ఫైలుకి దుమ్ము పట్టే టైమెక్కడిది తమ్ముడూ. సిరా ఆరకముందే తెరవాల్సొస్తుంది."

అతను నవ్వలేదు. ఎవరిని అనుమానిస్తున్నారని సూటిగా అడిగాడు. భవనం రిజిస్టర్ అతనికి కంఠతా వచ్చు. మాస్టారు ఎనిమిదీ యాభైకి లోపలికి వచ్చారు. చీఫ్ తొమ్మిదీ అయిదుకి వచ్చి, తొమ్మిదీ నలభైకి వెళ్ళిపోయాడు. తొమ్మిదీ నలభై అయిదు నుంచి పదకొండున్నర దాకా ఇంకో భవనంలో పదిమంది మధ్య మీటింగ్‌లో ఉన్నాడు. పదకొండుకి మాస్టారు బతికే ఉన్నారు. మిగిలింది ఆపరేటర్. అతనికి మాస్టారంటే తండ్రితో సమానం. పోస్టుమార్టమ్ చేసిన డాక్టర్ తొమ్మిదికీ పదకొండున్నరకీ మధ్య అన్నాడు తప్ప అంతకంటే దగ్గరగా చెప్పలేదు. రికార్డింగే గడియారం.

"గడియారం నిజమే చెప్తోందా అన్నదే నా అనుమానం," అంది జల్లెడ.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి సీలు వేశానని, ఈగ కూడా దూరలేదని అతను గుర్తుచేశాడు. ఆ మాట తనకి పనికొస్తుందని, పన్నెండూ పది అన్న అంకె మరిచిపోవద్దని ఆమె అతనికే అప్పజెప్పింది.

ఫిట్టరు తాళాలగుత్తితో ముందు నడిచాడు. జానెడు మందం ఉన్న ఉక్కు తలుపు. దాని తాళం కంట్రోల్ రూమ్‌లోని మీటతో పడుతుంది, ఊడుతుంది. చిమ్నీ మూతకీ, నైట్రోజన్‌కీ మీటలు అక్కడే ఉన్నాయి. ఇద్దరు పోలీసులు మీటల దగ్గర నిలబడ్డారు. తలుపు తెరిచి పది నిమిషాలు ఫ్యాను వేశాకే ఫిట్టరు వాళ్ళని లోపలికి రానిచ్చాడు. ఆ పది నిమిషాలూ అతను గుమ్మం వైపు చూడలేదు.

గదిలో అడుగుల చప్పుడు కూడా పుట్టలేదు. ఒక చివర బర్నర్, నల్లగా మసిబారి ఉంది. అక్కణ్ణుంచి నడుం ఎత్తులో ఒక ఉక్కు పైపు గది పొడవునా సాగి, చివర సన్నటి మూతితో ఆగింది. మూతి ఎదురుగా చిమ్నీ నోరు. పైపు మధ్యలో, పక్కనే, చెక్క స్టూలు ఇంకా అక్కడే ఉంది.

జల్లెడ స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పైపు అద్దంలా మెరుస్తోంది. అందులో ఆమె ముఖం సాగిపోయి, వేరే ఎవరి ముఖంలాగో కనిపించింది. టార్చి వెలుతురు వాలుగా వేసింది. మెరుపు మీద ఒకచోట మసక. చెమటా, తలనూనే కలిసి అంటిన మరక. గుండ్రంగా తిరిగిన అంచు, లోపల వంపులు, కింద మెత్తని తమ్మె.

చెవి.

మాస్టారి చెవి ముద్ర పైపు మీద అలాగే ఉంది. దాని పక్కనే చెంప ఆనిన మరక. మూడు రోజుల నుంచీ ఈ చీకటి గదిలో ఆ చెవి ఒక్కటే వింటూ ఉండిపోయినట్టు అనిపించి, ఆమె టార్చి కాసేపు ఆర్పేసింది.

పరీక్ష అయ్యాక పైపు ఎంత వేడిగా ఉంటుందని ఫిట్టరుని అడిగింది. రెండు గంటలదాకా చేతికి గుడ్డ లేకుండా ముట్టుకోలేమని అతను చెప్పాడు. ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మాస్టారి చెవి కాలిందని డాక్టర్ రాశాడా?"

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఫైలు తెరిచాడు. పేజీలు రెండుసార్లు తిప్పాడు. రాయలేదు.

"పదకొండుకి ఆపిన మంట తమ్ముడూ. వెంటనే లోపలికొచ్చి, నిప్పుల్లో కాలిన పైపుకి చెవి ఆనించి, బొబ్బ కూడా రాకుండా చచ్చిపోయాడా?"

"పైపు మీద మంట తగలని చోటు ఉండొచ్చు."

అప్పుడు ఫిట్టరు మొదటిసారి అడక్కుండా మాట్లాడాడు. "అలా ఉండదండి. ఒక్కసారి లోపల్నుంచి మంట వెళ్ళిందంటే ఉక్కు రంగు మారిపోద్ది. ముందు పసుపు, తర్వాత నీలం. ఇది పెళ్ళికూతురులా మెరుస్తోంది. దీంట్లోంచి ఇంతవరకూ మంట వెళ్ళలేదు." మాస్టారు సోమవారం సాయంత్రం తనని విడిగా పిలిచి వేయించిన కొత్త పైపు అదని చెప్పాడు. కాగితం మీద రాయలేదు, ఎవరికీ చెప్పవద్దన్నారు. పాతది వర్క్‌షాపు మూల నీలంగా పడి ఉంది.

జల్లెడ లేచి నిలబడింది. "పాతది ఎంత పొడవు?"

"రెండు మీటర్లు."

"ఇది?"

"నాలుగమ్మా."

ఆమె జేబులోంచి ఆపరేటర్ సంతకం పెట్టిన కాగితం తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. గాలి సెకనుకి పది మీటర్లు నడుస్తుంది. రెండు మీటర్ల పైపులో ఐదో వంతు సెకను. ఈ పైపులో అయితే దానికి రెట్టింపు పట్టాలి. మంగళవారం రికార్డింగ్‌లో వేడి రెండు మీటర్లే నడిచింది. అంటే అది ఈ పైపు చప్పుడు కాదు. పాత పైపున్న రోజుల్లో తీసిన రికార్డింగ్‌కి మంగళవారం పేరు తగిలించారు. మంగళవారం ఈ గదిలో మంట వెలగనే లేదు.

పైపు తర్వాత మార్చి ఉండొచ్చు కదా అని ఇన్‌స్పెక్టర్ అనబోయాడు. సగంలోనే ఆగిపోయాడు. పన్నెండూ పదికి సీలు వేసింది తనే. శవం చుట్టూ ఫొటోలు తీయించిందీ తనే. ఆ ఫొటోల్లో మెరిసే పైపే ఉంది.

"అయితే మాస్టారు పదకొండుకి బతికున్నారనడానికి..." అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏ ఆధారమూ లేదు. తొమ్మిది దాటాక ఎప్పుడైనా పోయి ఉండొచ్చు. తొమ్మిదీ అయిదుకీ తొమ్మిదీ నలభైకీ మధ్య ఈ భవనంలో ఎవరున్నారో నీకు కంఠతా వచ్చు."

జల్లెడ మళ్ళీ ఆ చెవి ముద్రని చూసింది. మంట లేని చల్లటి పైపుకి చెవి ఎందుకు ఆనించాడాయన? అర్థం కాగానే స్టూలుకి ఒక అడుగు దూరం జరిగింది. పైపులోకి నైట్రోజన్ వస్తోంది. సన్నటి బుసలా ఉంటుంది. వేరేవాళ్ళకి వినపడదు, ఆయనకి వినపడింది. ఎక్కణ్ణుంచని స్టూలు లాక్కుని కూర్చుని, చెవి పెట్టి వెతికాడు. తనని చంపుతున్న గాలినే శ్రద్ధగా విన్నాడు. అవతల కంట్రోల్ రూమ్‌లో మీట దగ్గర నిలబడ్డ మనిషి కిటికీ అద్దంలోంచి అది చూస్తూ ఉన్నాడు.

రెండూ నలభైకి ఆపరేటర్‌ని మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి గోడ గడియారం చూడనివ్వకుండా ఇన్‌స్పెక్టరే దానికి అడ్డంగా నిలబడ్డాడు. పైపు సంగతి వినగానే అతను నిజం చెప్పేశాడు. మంగళవారం తల్లికి కంటి ఆపరేషన్. చెప్పకుండా వెళ్ళి, పదకొండూ పదికి వర్క్‌షాపు తలుపులోంచి వచ్చాడు. శవం దొరికాక చీఫ్ అతన్ని పక్కకి పిలిచాడు. నువ్వు లేవు కాబట్టి మా బావ ఒంటరిగా పరీక్ష నడిపాడు, ఈ చావు నీ మెడకే చుట్టుకుంటుంది, నడిపింది నువ్వేనని సంతకం పెట్టు, నేను కాపాడతాను అన్నాడు. తన మూలాన్నే మాస్టారు పోయారని అతను మూడు రోజులుగా కుమిలిపోతున్నాడు. చెప్పేసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నీళ్ళ గ్లాసు అతని ముందుకి తోశాడు.

జల్లెడకి ఇంకొకటి మిగిలింది. మాస్టారి భార్య ఇచ్చిన నోటుపుస్తకం. చివరి పేజీలో కొన్ని అంకెలూ, కింద రెండు గీతలు కొట్టిన ఒక వాక్యమూ ఉన్నాయి: 'చప్పుడు మంటది కాదు. వేడిది. నిండు శక్తి మీద 35.' ఆమెకి అది బోధపడలేదు. ఆపరేటర్ ముందు పెట్టింది.

అతను చదివి, మొదటి పేజీల్లోకి వెళ్ళి, మళ్ళీ చివరికి వచ్చాడు. కొత్త ఇంజన్ మామూలు కంటే ఎక్కువ రొద చేస్తోంది. అది మంట నుంచి నేరుగా వచ్చే చప్పుడేనని, ఇంజన్ లోపలి గోడకి మెత్తటి పొర వేస్తే పోతుందని చీఫ్ రిపోర్టు రాశాడు. మాస్టారు ఒప్పుకోలేదు. రొద రెండో రకందైతే లోపల ఇంధనం సరిగ్గా కలవడం లేదన్నమాట. వేడి ముద్దా, చల్లటి ముద్దా ఒకదాని వెనక ఒకటి పోయి టర్బైన్ మొదటి వరుస రెక్కల్ని కొడుతుంటాయి. పైపు పొడుగు మారిస్తే రెండో రకం చప్పుడు ఆలస్యం కూడా మారుతుంది. మంట చప్పుడైతే మారదు. ఆ తేడా చూపించి చీఫ్ నోరు మూయించాలనే మాస్టారు కొత్త పైపు వేయించుకున్నారు.

"ఈ ముప్పై అయిదేంటి?"

"నిమిషాలండి. నిండు శక్తి మీద ముప్పై అయిదు నిమిషాలు దాటితే ఆ రెక్కలు విరిగిపోతాయని లెక్క." అతను తలెత్తాడు. "ఇవాళ మూడింటికి ఆ ఇంజన్‌తో మొదటి విమానం లేస్తోంది మేడం. చీఫ్ గారు కూడా అందులోనే వెళ్తున్నారు."

జల్లెడ వాచీ మూడూ పదకొండు చూపిస్తోంది.

రన్‌వే ఆ కేంద్రానికి రెండో చివర ఉంది. ఇన్‌స్పెక్టర్ జీపు తనే నడిపాడు. రేడియో గది గుమ్మం దగ్గర కాపలావాడు అడ్డొస్తే ఇన్‌స్పెక్టర్ తన కార్డు చూపించలేదు, భుజంతో తోసుకుపోయాడు. మూడూ ముప్పై ఒకటి.

రేడియో ముందు కూర్చున్న ఆవిడ నడివయసు మనిషి, కంగారుపడే రకం కాదు. విమానంలో అయిదుగురున్నారని, మూడూ అయిదు నుంచి నిండు శక్తి మీద వెళ్తోందని, అంటే ఇరవై ఆరు నిమిషాలని చెప్పింది. దించమని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. పరీక్ష ఆపమనే అధికారం పైనున్న చీఫ్‌కి తప్ప ఎవరికీ లేదని, పైలట్ ఆయన మాటే వింటాడని ఆవిడ బదులిచ్చింది. తను చెప్పగలిగింది చెప్పి చూసింది కూడా. భూమ్మీద ఎవరో కంగారుపడుతున్నారు, కొనసాగించు అని చీఫ్ గొంతు ప్రశాంతంగా జవాబిచ్చింది.

ఇరవై తొమ్మిది నిమిషాలు.

దించగలిగినవాడు ఒక్కడే. ఆ మాట వాడి నోటితోనే రావాలి. జల్లెడ మైకు అడిగి తీసుకుంది.

"చీఫ్ గారూ, మీ చెల్లెలు పంపిన మనిషిని. మంగళవారం ఆ గదిలో మంట వెలగలేదు."

గరగర తప్ప జవాబు లేదు.

"పైపు నాలుగు మీటర్లది. మీ బావగారు సోమవారం మార్పించారు. మీకు తెలియదు. మీరు పెట్టిన రికార్డింగ్‌లో పైపు రెండు మీటర్లే ఉంది."

గరగర. దాని వెనకాల ఇంజన్ రొద, సన్నగా, ఆగకుండా. గది మూలలో ఆపరేటర్ తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. ముప్పై ఒక్క నిమిషాలని రేడియో ఆవిడ వేళ్ళతో చూపించింది.

"నిండు శక్తి మీద ముప్పై అయిదని ఆయన రాసి వెళ్ళారు. ఆ లెక్క తప్పని మీరు రిపోర్టు ఇచ్చారు. తప్పయితే మీకు భయం లేదు. అలాగే ఎగరండి. కానీ మీతో ఇంకో నలుగురున్నారు. వాళ్ళు మిమ్మల్ని నమ్మి ఎక్కారు."

ఆమె మైకు మీట వదిలేసింది. పందెం కాస్తున్నారా అని ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి అడిగాడు. ఆమె రేడియో ఆవిడ వేళ్ళ వంకే చూసింది. ముప్పై రెండు. ఆ నలుగురి పేర్లు కూడా తనకి తెలియవని అప్పుడు గుర్తొచ్చింది.

ముప్పై మూడో నిమిషం సగంలో చీఫ్ మాట్లాడాడు. ఈసారి ఆ గొంతులో అధికారం లేదు. ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడే మామూలు మనిషి గొంతులా ఉంది.

"శక్తి తగ్గించు. వెనక్కి తిప్పు." కాసేపు గరగర. "మా బావ లెక్క ఎప్పుడూ తప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసి టైము రాసుకున్నాడు. మూడూ ముప్పై ఎనిమిది. పక్కన ఆ మాటలు పొల్లుపోకుండా రాశాడు. ఫైలు మూయలేదు. జల్లెడ గోడకి ఆనుకుంది. ఇంకో గంటలో ఒక ఆడమనిషికి ఫోన్ చేసి, మీ ఆయన్ని మీ అన్నయ్యే చంపాడని చెప్పాలి.

మూలనున్న ఆపరేటర్ ఒక్కడే స్థిమితపడలేదు. రేడియోకి దగ్గరగా వచ్చి, ఇంకా దగ్గరగా వచ్చి, చెవి దాదాపు దానికి ఆనించాడు. రెండో చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని లెక్కపెడుతున్నట్టు అతని పెదవులు కదులుతున్నాయి.

అప్పుడే పైలట్ గొంతు వచ్చింది. నెమ్మదిగా, ఎవరినీ నిద్రలేపకూడదన్నట్టుగా.

"మీట పూర్తిగా వెనక్కి లాగేశాను సార్. ఇంధనం తగ్గింది, డయల్ ముళ్ళు కూడా దిగాయి. చప్పుడే... తగ్గట్లేదు."